లక్ష్మా నిలువు

లక్ష్మా పోయాడని, పోయి అప్పటికే ఒక పగలు గడిచిందని, టౌను దవాఖానలో మిషన్ పెట్టి ఉత్త పీనుగకు రొమ్ము ఎగరేయిస్తున్నారని తండాలో ద్వాళి అనే ఆవిడ చెప్పిందట.

ద్వాళి కళ్ళారా చూసిందా అంటే, లేదు. పొద్దున్నే కలుపుకు పోతున్న ఆమె తోడికోడలికి ఆటో డ్రైవర్ చెప్పాడట. ఆటో డ్రైవర్‌కు దవాఖాన ఎదురుగా చాయ్ అమ్మే మనిషి చెప్పాడట. చాయ్ అమ్మే మనిషి మాత్రం, "మిషన్ మీద ఉన్నడని అన్న, గంతే. ఇంకో ముక్క అన్ననంటే నా నాలుక కోయిండ్రి" అని తరువాత ఒట్టేసుకున్నాడు. మహబూబాబాద్‌లో ఆటో ఎక్కినప్పుడు మిషన్ మీదున్న లక్ష్మా, బయ్యారం దాటి తండా మలుపులో ఆటో ఆగేసరికి పీనుగైపోయాడు.

ఆ తండాలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంటా పొయ్యి వెలిగించరు. మాట పొద్దున్నే చేరింది గనక నలభై గడపల పొయ్యిలు పొద్దున్నే చల్లారాయి. జొన్నపిండి కలుపుతున్న ఆడవాళ్ళు చేతులు కడిగేసుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. శవం రాలేదు, కబురూ రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ముసలివాళ్ళు లక్ష్మా కోసం మొదలుపెట్టిన ఏడుపు మధ్యలో ఆపి ఆవలిస్తున్నారు. చివరికి వీరస్వామి అనే పెద్దమనిషి ధైర్యం చేసి బలరాంకు ఫోన్ కొట్టాడు.

బలరాం లక్ష్మాకు బావమరిది. మహబూబాబాద్‌లో పంక్చర్ షాపు నడుపుతాడు. అప్పుడతను దవాఖాన మేడ మీద, ఐసీయూ తలుపు బయట బల్ల మీద, అక్క చంద్రి పక్కన కూర్చుని ఉన్నాడు.

"శవాన్ని ఎప్పుడు తెస్తున్నరు బలరాం?" అన్నాడు వీరస్వామి.

"ఎవని శవం?"

"మీ బావదే."

"మా బావ ఊపిరి పీలుస్తుండు గదా కాకా!"

"పీలుస్తున్నడా, పీల్పిస్తున్నరా? జర సక్కగ చెప్పు. పొద్దటి సంది తండాల ఎవలం బుక్క తినలే."

చంద్రి ఫోన్ గుంజుకుంది. లక్ష్మా పెళ్ళాం ఆమె. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతుకు మాత్రం వయసు రాలేదు. వాళ్ళ లంబాడీ భాషలో అరిచింది. తెలుగులో చెబితే ఇంత: "పొయ్యిలు ముట్టియ్యిండ్రి. రొట్టెలు చేసుకొని కడుపునిండ తినుండ్రి. ద్వాళికి మాత్రం పెట్టకుండ్రి. అది నా మొగుణ్ణి తిన్నది గదా, సరిపోతది."

అరిచి, ఫోన్ తమ్ముడికి ఇచ్చేసి, తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. లోపల లక్ష్మా మత్తులో పడుకుని ఉన్నాడు. నోట్లో గొట్టం. మిషన్ ఊదినప్పుడల్లా రొమ్ము లేస్తున్నది, దిగుతున్నది. ఉండుండి మిషన్ కూత పెడుతున్నది. ఆ కూత విన్నప్పుడల్లా నర్సు హర్షిణి పరుగున పోయి ఏదో నొక్కుతున్నది. ద్వాళి మీద అరిచినంత సేపూ చంద్రి చెవి ఆ కూత మీదే ఉంది.

లక్ష్మా ఎవరో చెప్పాలి. బోర్లు రాక ముందు ఆ చుట్టుపక్కల బావులన్నీ మనుషులు గడ్డపారతో తవ్వినవే. తవ్వే జట్టుకు లక్ష్మా మేస్త్రీ. బావి లోతును నిలువుల్లో చెప్పేవాళ్ళు. మనిషి నిలబడితే ఎంతో, అంత ఒక నిలువు. ఆ నిలబడే మనిషి లక్ష్మా. బావి అడుగున తాడు కొసను మడమ కింద తొక్కిపట్టి, నడినెత్తి దాకా గుంజి ముడి వేసేవాడు. తాడు పైకి చేరేసరికి ఎన్ని ముళ్ళయితే బావి అన్ని నిలువులు. లక్ష్మా నిలువు అంటే ఆరడుగులని బయ్యారం నుంచి గార్ల దాకా అందరికీ తెలుసు. ఎలా తెలుసు అంటే, లక్ష్మాయే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు వరంగల్‌లో పోలీసు భర్తీకి పోయి వచ్చి, "ఆరడుగులున్నవు, చేరు అన్నరు. నేనే వద్దన్న. పొద్దాక సెల్యూట్ కొట్టుడు మనతోని కాదు" అన్నాడు. నెత్తి మీద బుట్టంత తలపాగా, కాళ్ళకు లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. తండాలో ఎవరి పక్కన నిలబడ్డా పైకే కనిపించేవాడు. ఊళ్ళో బావులన్నీ కొలిచేవాణ్ణి కొలవాలని ఎవరికి తోస్తుంది?

అట్లాంటి లక్ష్మాకు అరవై రెండో ఏట, నాట్ల వానల్లో తడిసి జ్వరం పట్టుకుంది. జ్వరం నిమ్ముగా మారింది. నాలుగో రోజు సాయంత్రానికి పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. దయాకర్ కారులో ఎక్కించుకుని టౌనుకు తెచ్చారు. దయాకర్ పక్క ఊరి పటేల్, మాజీ సర్పంచ్. మళ్ళీ నిలబడే ఆలోచన ఉంది గనకే కారు వచ్చిందని కొందరన్నారు గానీ, ఎలక్షన్లు లేని ఏడు కూడా ఆ కారు తండాకు వచ్చేది.

ఆ సాయంత్రం దవాఖానలో అంతా ఉరుకులు పరుగులు. గొంతులో గొట్టం దింపుతూనే డ్యూటీ డాక్టర్ అడిగాడు: "పేషెంట్ ఎత్తెంత?"

"ఆరడుగులు సార్" అన్నాడు దయాకర్, తడుముకోకుండా. "మా బాయి తవ్విన మనిషి. పది నిలువుల బాయి, అరవై ఫీట్లు! మండలంల అంత లోతు బాయి ఇంకోటి సూపియ్యిండ్రి."

డాక్టర్ ఆరడుగులని కాగితం మీద రాశాడు, మిషన్‌లో నొక్కాడు, డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయాడు. చంద్రి నాలుక కదిలింది. కానీ మళ్ళీ అనుకుంది: ఎత్తుతో వీళ్ళకేం పని? అంగీ కుడతారా? ఊరుకుంది.

ఇది జరిగి రెండు రాత్రులైంది.

తండా ఫోన్ గొడవ సద్దుమణిగిన గంటకు డాక్టర్ డేవిడ్ బయటికి వచ్చాడు. జనగామ మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు. ఇప్పుడు నవ్వలేదు. బల్ల మీద చంద్రి పక్కనే కూర్చున్నాడు. డాక్టర్ నిలబడి చెప్పకుండా కూర్చుని చెబుతున్నాడంటే అది మంచి మాట కాదని చంద్రికి అర్థమైంది.

"అమ్మా, ఊపిరితిత్తులు నిమ్ముతోని నీళ్ళు తాగిన స్పాంజి లెక్క అయినయి. మంచిగున్న భాగం కొద్దిగనే మిగిలింది. మిషన్ ఊదే గాలంత ఆ కొద్ది జాగలకే పోతది. ఎక్కువ ఊదితే అది గూడ చినుగుతది."

"పాత ట్యూబు సార్" అన్నాడు బలరాం. "సగం అతుకులే ఉంటయి. కొత్త ట్యూబుకు కొట్టినట్టు కొడితే అతుకు ఊడదు, మంచిగున్న జాగలనే బుడగ లేచి పగుల్తది."

డేవిడ్ అతని వంక తేరిపార చూశాడు. "నేను దీన్ని మూడేండ్లు చదివిన. నువ్వు ఒక్క మాటల చెప్పినవ్."

"మరి గాలి తక్కువ కొట్టుండ్రి సార్."

"తక్కువే కొడుతున్నం. మనిషి ఎత్తును బట్టి లెక్క ఉంటది. ఈయన ఎత్తుకు గుక్కకు నాలుగు వందల అరవై మిల్లీలీటర్లు."

"అంటే మందు హాఫ్ బాటిల్‌కు ఎక్కువనే" అన్నాడు బలరాం. కొలతల్లో అతనికి తెలిసింది అదొక్కటే.

"ఆరడుగుల మనిషికి అది తక్కువే. లోపలి ఒత్తిడి ముప్పై దాటొద్దు. ముప్పై నాలుగు సూపిస్తున్నది. అంటే ఊపిరితిత్తులు నేను అనుకున్నదానికంటే ఎక్కువ బిగుసుకపోయినయి. ఇక్కడ నాతోని కాదు. హైదరాబాద్ పంపుదాం."

"దారిల?" అంది చంద్రి.

"అయిదు గంటల దారి. ఈ మిషన్ తీసి అంబులెన్స్‌ల ఉన్న చిన్న మిషన్ పెట్టాలె. గతుకులు, కుదుపులు. నీకు అబద్ధం చెప్పనమ్మా. సేరుతడని మాట ఇయ్యలేను. కానీ ఇక్కడ ఉంచినా మాట ఇయ్యలేను."

అప్పుడే దయాకర్ మెట్లెక్కి వచ్చాడు. వెనక వీరస్వామి, ఇంకో ముగ్గురు తండావాళ్ళు. పొయ్యిలు వెలిగాయి గనక తిని, లక్ష్మా బతికే ఉన్నాడన్న సంగతి కళ్ళతో చూసి పోదామని వచ్చారు. సంగతి విని దయాకర్ ఫోన్ తీశాడు. అరగంటలో అంబులెన్స్ కింద ఉంటుందన్నాడు. "పరేషాన్ గాకు చంద్రక్కా. లోపల ఉన్నది మామూలు మనిషా? ఆరడుగుల మనిషి. తట్టుకుంటడు."

చంద్రి ఆ మాట విన్నట్టు లేదు. లేచి పోతున్న డాక్టర్‌ను ఆపింది.

"సారూ, ఎత్తును బట్టి గాలేంది? మనిషి లావును బట్టి కాదా?"

"కాదమ్మా. మనిషి బలిసినా బక్కగైనా ఊపిరితిత్తులు పెరగవు, తగ్గవు. ఎత్తును బట్టే ఉంటయి. పొడుగు మనిషికి పెద్దయి, పొట్టి మనిషికి చిన్నయి."

"పొట్టి మనిషికి పొడుగు మనిషి గాలి ఊదితే?"

"లోపల ఒత్తిడి పెరుగుతది. మంచిగున్నది గూడ ఖరాబైతది. ఎందుకమ్మా?"

"ఏం లేదు సారూ" అంది చంద్రి. అని మళ్ళీ కూర్చుంది.

పెళ్ళైన రెండో ఏడు ఇద్దరూ ఒక బావిలో మట్టి తీస్తున్నారు. ఆయన తవ్వుతాడు, ఆమె తట్టకెత్తుతుంది. పైన వాళ్ళు భోజనానికి పోయినప్పుడు, బావి అడుగున, బురదలో కూర్చుని లక్ష్మా చెప్పాడు. భర్తీ దగ్గర కట్టె కింద నిలబెట్టి కొలిచారని, ఐదు ఫీట్ల నాలుగు ఇంచులని గట్టిగా చదివి పొట్టిగున్నవు పో అన్నారని, వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారని. చెప్పి, "గీ మాట గీ బాయిలనే ఉండాలె" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే ఉంచింది చంద్రి. ఆయన తాగి వచ్చి అన్నం పళ్ళెం విసిరిన నాడు కూడా, నోటికి వచ్చినవన్నీ తిట్టింది గానీ ఆ ఒక్క మాట బయటికి రానివ్వలేదు. ఆలుమగల పోట్లాటలో అంత పదునైన కత్తి చేతిలో ఉండి వాడకపోవడం అంటే ఏమిటో కాపురం చేసినవాళ్ళకు తెలుస్తుంది.

హర్షిణి కాగితం తెచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల, ఇరవై ఐదేళ్ళుంటాయి. "అవ్వా, తీసుకపోతున్నం అని గిక్కడ సంతకం పెట్టాలె. అంబులెన్స్ వచ్చింది."

చంద్రి పెన్ను పట్టుకుంది. ఒక పక్క పటేల్, ఒక పక్క తండా పెద్దలు. నోరు తెరిస్తే వీళ్ళందరి ముందూ మొగుడు పొట్టివాడవుతాడు. తెరవకపోతే అంబులెన్స్ ఎక్కుతాడు. లోపల మిషన్ మళ్ళీ కూత పెట్టింది.

పెన్ను హర్షిణి చేతిలో పెట్టేసింది.

"డాక్టర్ సారును పిలువు బిడ్డా. ఆయన ఆరడుగులు కాడు."

ముందు అర్థం చేసుకున్నది దయాకర్. "ఏం మాట్లాడుతున్నవ్ చంద్రక్కా? పరేషాన్ల ఉన్నది సిస్టర్, పట్టించుకోకు. లక్ష్మా నిలువు ఆరడుగులని ఎవలకు తెల్వదు?"

"పరేషాన్ల లేను పటేలా. మంచిగనే ఉన్న. ఐదు ఫీట్ల నాలుగు ఇంచులు. పోలీసోళ్ళు కొలిచిండ్రు. అందుకే తీసుకోలే."

డేవిడ్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. "ఏమన్నవమ్మా?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా గట్టిగా. ఒకసారి బయటపడ్డాక గుసగుసలెందుకు?

"అక్కా" అన్నాడు బలరాం, "నేను ఐదున్నర ఉంట. అంటే బావ నాకంటే పొట్టోడా?"

"పాగ తీస్తే, చెప్పులు ఇడిస్తే అంతే. పాగ ఐదు ఇంచులు, టైరు చెప్పులు రెండు. మొత్తం కలిపితే ఆరడుగులకు ఒక్క ఇంచు తక్కువ. మీ బావ ఆడిన అబద్ధం ఒక్క ఇంచే."

డేవిడ్ చేతిలో కాగితం చూసుకున్నాడు. తలుపు అద్దంలోంచి మంచం మీది మనిషిని చూశాడు. వెడల్పాటి భుజాలు, గడ్డపార పట్టి పట్టి గరిటెల్లా అయిన చేతులు, మెడదాకా దుప్పటి. పడుకున్న మనిషి ఎవరికైనా పొడుగ్గానే కనిపిస్తాడు. "టేపు తే హర్షిణీ" అని లోపలికి పోయాడు.

అద్దానికి ఏడు ముఖాలు అతుక్కున్నాయి. హర్షిణి దుప్పటి తీసి నడినెత్తి నుంచి మడమ దాకా టేపు పరిచింది. వంగి చూసింది. డాక్టర్ కూడా వంగి చూశాడు. తరువాత తల పైకెత్తి, అద్దం బయట ఉన్న చంద్రికి ఐదు వేళ్ళు చూపించి, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించాడు.

మిషన్ దగ్గరికి పోయి ఒక మీట తిప్పాడు. గుక్కను మూడు వందల యాభైకి తగ్గించాడు. గుక్కలు చిన్నవయ్యాయి గనక నిమిషానికి ఎక్కువసార్లు ఊదేలా పెట్టాడు. అద్దం బయట నుంచి చూస్తే లక్ష్మా రొమ్ము ఇంతకు ముందులా ఎగిరిపడడం లేదు. కొంచెం లేస్తున్నది, కొంచెం దిగుతున్నది, గబగబా. వీరస్వామికి అది నచ్చలేదు. "తగ్గించిండ్రు గదా! ఉన్న గాలి గూడ గుంజుకుంటున్నరు."

"గట్ల కాదు కాకా" అంది చంద్రి. "మట్టి మోసేటప్పుడు తట్ట నిండుగ ఎత్తితే నడుము ఇరుగుతది. సగం తట్ట ఎత్తి రెండింతలు తిరిగితే మట్టి అంతే పోతది, మనిషి మిగుల్తడు. గదే చేస్తున్నడు సారు."

కాసేపటికి డేవిడ్ బయటికి వచ్చాడు. ఇప్పుడు నవ్వు ముఖంలోకి తిరిగి వచ్చింది. "ఇరవై ఏడు" అన్నాడు. "ముప్పై నాలుగు నుంచి ఇరవై ఏడుకు దిగింది. ఊపిరితిత్తులు గట్టిపడింది నిజమే గానీ నేను అనుకున్నంత కాదు. మేమే ఎక్కువ ఊదుతున్నం. అంబులెన్స్‌ను పొమ్మని చెప్పుండ్రి. ఇక్కడనే చూసుకుందాం." కాగితం మడిచి అన్నాడు, "టేపు ఆ డ్రాలనే ఉన్నది. నేను వచ్చిన పొద్దుననే కొలవాల్సింది. కాగితం మీద ఉన్నది గదా అనుకున్న. తప్పు నాదే అమ్మా."

"హాఫ్‌కు తక్కువ" అన్నాడు బలరాం సంతోషంగా. "బావకు ఎప్పుడన్న హాఫ్‌కు ఎక్కువ పడేది కాదు సార్. నన్నడిగినా చెప్పెటోన్ని."

అందరూ నవ్వారు, ఒక్క దయాకర్ తప్ప. అతను గోడకు ఆనుకుని వేళ్ళు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడుస్తున్నాడు.

"సిస్టర్" అన్నాడు చివరికి, "నిలువుకు ఎనిమిది ఇంచులు పోతే, పది నిలువులకు ఎంత పోయినట్టు?"

"ఎనభై ఇంచులు సార్. ఆరు ఫీట్ల ఎనిమిది ఇంచులు."

"అంటే మా బాయి అరవై ఫీట్లు కాదా?"

"యాభై మూడు ఫీట్ల చిల్లర."

దయాకర్ బల్ల మీద కూలబడ్డాడు. ప్రతి ఎలక్షన్‌లో అతని మొదటి మాట ఆ బావే. మా నాయిన తవ్విచ్చిన అరవై ఫీట్ల బాయి సాక్షిగ చెప్తున్న, అని మైకు ముందు గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. "ఒక మనిషికి మనిషి పోయిండు నా బాయిలకెళ్ళి" అన్నాడు.

"నీళ్ళెక్కడికి పోలే గద పటేలా" అంది చంద్రి.

దయాకర్ ఆమెను చూశాడు. తనకే తెలియకుండా నవ్వేశాడు. "సరే. మనిషి బతికితే సాలు. కానీ గీ ముచ్చట గిక్కడనే ఉండాలె. ఎవలు బయట పెట్టొద్దు."

వీరస్వామి చేతిలోని ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఏందీ? ఎంతా? ఐదు నాలుగా?" లక్ష్మా బతికే ఉన్నాడని నమ్మించడానికి అతను ఇందాకే ద్వాళికి ఫోన్ కలిపి, మాటల్లో పడి పెట్టేయడం మరిచిపోయాడు.

మరునాడు డేవిడ్ ఇంకో మాట చెప్పాడు. లక్ష్మాను బోర్లా పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగం బరువు కింద నలిగి మూతబడి ఉంటుందని, బోర్లా వేస్తే అది తెరుచుకుంటుందని, రోజుకు పదహారు గంటలు అట్లాగే ఉంచాలని. గొట్టం ఊడకుండా, సూదులు కదలకుండా మనిషిని తిప్పాలంటే అయిదుగురు కావాలి. దవాఖానలో నలుగురే ఉన్నారు. అయిదోవాడిగా బలరాంకు గౌను తొడిగి, మూతికి గుడ్డ కట్టి లోపలికి తీసుకుపోయారు.

"లారీ టైరు తిప్పినట్టు తిప్పాలెనా సిస్టర్?"

"మీ బావ అనుకొని తిప్పు అన్నా" అంది హర్షిణి. "తలకాయ డాక్టర్ సార్ పట్టుకుంటడు. సార్ మూడు అన్నంకనే కదలాలె. ముందుగాల కదిలితే నిన్ను గూడ పక్క మంచంల బోర్లేస్త."

డాక్టర్ మూడు అనేదాకా బలరాం ఊపిరే తీసుకోలేదు. లక్ష్మాను ముందు పక్కకు, తరువాత మెల్లగా బోర్లాకు తిప్పారు. ముఖం ఒక వైపుకు పెట్టి, రొమ్ము కింద, నడుము కింద దిండ్లు సర్దారు. బయటికి వచ్చిన బలరాం చొక్కా పిండితే బకెట్ నిండేది. సాయంత్రానికి వేలికి పెట్టిన మీటరులో అంకెలు పైకి పాకాయి. చంద్రికి ఆ అంకెల అర్థం తెలియదు. హర్షిణి బయటికి వచ్చినప్పుడు ముఖం చూసి తెలుసుకునేది. ముఖం విప్పారి ఉంటే రొట్టె తినేది. ముడుచుకుని ఉంటే సంచిలో పెట్టేసేది. ఆ వారంలో మూడు పూటలు రొట్టె సంచిలోనే ఉండిపోయింది. మిగతా పూటలు తింది.

తండాలో మాత్రం లక్ష్మాను బోర్లా వేశారని, అంటే ముఖం కూడా చూపించకుండా పంపేస్తున్నారని మాట పుట్టింది. ఈసారి ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

రోజూ పదహారు గంటలు బోర్లా, ఎనిమిది గంటలు వెల్లకిలా, అట్లా నాలుగు రోజులు తిప్పారు. ఐదో రోజు తిప్పడం మానేశారు. మత్తు మందు తగ్గిస్తూ వచ్చారు. మిషన్ చేసే పని కొంచెం కొంచెంగా లక్ష్మాకు అప్పజెప్పారు. తొమ్మిదో రోజు పొద్దున డేవిడ్ గొట్టం తీశాడు. లక్ష్మా దగ్గాడు, దగ్గాడు, కళ్ళు తెరిచి చుట్టూ చూసి, గరగర గొంతుతో మొట్టమొదటి మాట అన్నాడు.

"నా పాగ ఏది?"

హర్షిణి పకపకా నవ్వుతూ బయటికి పరుగెత్తి ఆ మాట చంద్రికి చెప్పింది. చంద్రి మొదట నవ్వింది. తరువాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బలరాం ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

ఇంకో నాలుగు రోజులకు లక్ష్మాను జనరల్ వార్డుకు మార్చారు. కిటికీ పక్క మంచం. రైళ్ళు పోయే చప్పుడు వినిపిస్తుంది. ఇడ్లీ మింగుతున్నాడు, కూర్చోబెడితే కూర్చుంటున్నాడు. ఒక పొద్దున దయాకర్ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వీరస్వామి వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా, అందరికంటే ముందే ద్వాళి వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. తాను అన్న మాటలు తనవి కావని, ఆటో డ్రైవర్‌వని చెబుతున్నది. డేవిడ్ రౌండుకు వచ్చి లక్ష్మా వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరి తీయమని, వదలమని, మళ్ళీ తీయమని అంటున్నాడు.

లక్ష్మా ఊపిరి తీస్తూనే మంచానికి వేలాడుతున్న కాగితం చూశాడు. అక్షరాలు రావు గానీ, తాడు ముళ్ళు లెక్కపెట్టినవాడికి అంకెలు వచ్చు. ఐదు. దాని పక్కన నాలుగు. దాన్ని చూసి, దయాకర్ ముఖం చూశాడు. వీరస్వామి ముఖం చూశాడు. వాళ్ళు కిటికీలోంచి రైలు చూస్తున్నారు. ద్వాళి మాత్రం సూటిగా ఆయన వంకే చూస్తున్నది.

లక్ష్మా చంద్రి వైపు తిరిగాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"గీళ్ళందరి ముందట?"

"గీళ్ళందరి ముందటనే."

"ముప్పై ఎనిమిదేండ్లు దాచినవ్ గదనే" అన్నాడు లక్ష్మా. గొంతు ఇంకా గరగరలాడుతున్నది, దానికి తోడు కోపం, రోషం. "నా ఇజ్జత్ తీసినవ్. ఇంకో దినం ఆగితే నీ సొమ్మేం పోతుండె?"

చంద్రి బత్తాయి తొక్క తీస్తున్నది. తల ఎత్తలేదు.

"ఇంకో దినం ఆగితే నీ ఎత్తు పాడె కట్టెటోళ్ళే కొలుద్దురు."